నాన్నగారి గురించి నేను చెప్పని సగం

మా నాన్నగారు పోయి ఏడాది కావస్తోంది. సంతాప సభలో ఆయన గురించి పది నిమిషాలు మాట్లాడాను. ముప్పై నాలుగేళ్లు కర్మాగారంలో, లోహపు ముక్కలను తిప్పుతూ చెక్కే లేత్ మెషీన్ మీద పనిచేశారనీ, అనవసరంగా సెలవు పెట్టి ఎరగరనీ, మా ముగ్గురి చదువుల కోసం తన సుఖం చూసుకోలేదనీ చెప్పాను. విన్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. చెప్పిన ప్రతి మాటా నిజమే. అయినా ఆ రోజు ఆయనకు అన్యాయం చేశానని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది, ఎందుకంటే నేను చెప్పినదంతా ఆయన మాకు ఏం చేశారన్న దాని గురించే తప్ప ఆయన ఎలాంటి మనిషన్న దాని గురించి కాదు.

ఇలాంటి తండ్రులు పోయినప్పుడు మనం రాసే మాటలు చూడండి. అలుపెరగని శ్రమజీవి, కుటుంబమే లోకంగా బతికిన మనిషి, తీరని లోటు. ఎవరి ఫొటో కింద పెట్టినా సరిపోయే ఈ మాటల్లో పోయిన మనిషి మాత్రం కనిపించడు. కుటుంబమే లోకం అనడం పొగడ్తలా వినిపిస్తుంది గానీ, ఆ మనిషికి తనదంటూ మరో ఆసక్తి లేదని తేల్చేయడం కూడా అందులోనే ఉంది. మా నాన్నగారి విషయంలో అది శుద్ధ అబద్ధం.

మా ఇంట్లో లోలకం ఉన్న పాత గోడగడియారం ఒకటి ఉండేది. వేసవి వస్తే అది వెనకబడేది. పాతబడిపోయిందని మేమందరం అనుకున్నాం. పాతబడితే ఏడాది పొడుగునా వెనకబడాలి కదా, మరి చలికాలంలో ఎందుకు ముందుకు పోతోందని ఆయన ఒక్కరే అడిగారు. ఆ తర్వాత ఏ షిఫ్టు దిగి వచ్చినా సరే, రేడియోలో వార్తలకు ముందు వచ్చే సమయ సంకేతం కోసం చెవిలో పెన్సిల్ పెట్టుకుని గడియారం ముందు నిలబడేవారు. ఎన్ని సెకన్ల తేడా ఉందో గీతల నోటు పుస్తకంలో రాసి, పుస్తకాన్ని పక్కనున్న మేకుకు తగిలించేవారు.

కారణం ఆయనకు పుస్తకాల్లో దొరకలేదు, పనిలో దొరికింది. లేత్ మీద అప్పుడే తిప్పిన ఇనుప ముక్కను వేడి మీద కొలిస్తే కొలత ఎక్కువ చూపిస్తుంది, చల్లారాక తగ్గిపోతుంది. అందుకే ముక్క చల్లబడేదాకా దాని మీద మైక్రోమీటరు, అంటే సన్నని కొలతలు తీసే పరికరం, పెట్టనిచ్చేవారు కాదట. గడియారంలో లోలకం గుండు వేలాడే కడ్డీ కూడా లోహమే కాబట్టి, వేసవిలో అదీ సాగుతోందని ఆయన ఊహించారు. అది నిజమే. లోలకం ఊగే వేగం గుండు బరువు మీద కాక పొడవు మీద ఆధారపడుతుంది, పొడవు పెరిగితే ఊపు నిదానిస్తుంది. ఉక్కు కడ్డీ ఉన్న గడియారం పది డిగ్రీల వేడి పెరిగితే రోజుకు దాదాపు 5 సెకన్లు వెనకబడుతుంది. నాకు ఇది నమ్మకం కలిగించడానికి ఒక ఆదివారం దారానికి చిన్న బరువు కట్టి, 99 సెంటీమీటర్ల పొడవు కొలిచి వేలాడదీసి, చేతి గడియారం నాకిచ్చి లెక్కపెట్టమన్నారు. ఇటు నుంచి అటు ఒక్కో ఊపుకు ఒక్కో సెకను. అరవై లెక్కపెట్టేసరికి నిమిషం ముల్లు సరిగ్గా ఒక గీత దాటింది. అప్పుడు ఆయన ముఖంలో చూసిన వెలుగు, నాకు ఉద్యోగం వచ్చిన రోజున కూడా చూడలేదు. ఈ మాట బాధతో రాయడం లేదు, సంతోషంతో రాస్తున్నాను.

కష్టపడే మనిషికి కుతూహలానికి తీరిక ఎక్కడిదని అడుగుతారు. ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ ఊళ్లో బట్టల వ్యాపారి. విశ్వవిద్యాలయ చదువు లేదు, డచ్ తప్ప మరో భాష రాదు. పిల్లల్లో పెద్దయ్యేదాకా బతికింది కూతురు మరియా ఒక్కతే. ఆయన తన చేత్తో అరగదీసిన అద్దాల్లోంచి నీటి బొట్టులోని సూక్ష్మజీవులను చూసి 1676లో శాస్త్రవేత్తల సంఘమైన లండన్ రాయల్ సొసైటీకి ఉత్తరం రాశాడు, 1723లో తొంభై ఏళ్ల వయసులో పోయేదాకా అలా రాస్తూనే ఉన్నాడు. మా నాన్నగారు ఎవరికీ ఉత్తరాలు రాయలేదు. కానీ పగలంతా పనిచేసి వచ్చిన చేతులతో రాత్రి తన ప్రశ్న తాను వెతుక్కోవడంలో ఆ ఇద్దరికీ తేడా ఉందని నేను ఒప్పుకోను.

కాలేజీలో చేరాక ఒకసారి, ఎందుకు నాన్నా ఈ లెక్కలన్నీ, కొత్త గడియారం కొనుక్కుంటే సరిపోదా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పుస్తకం మూసి మేకుకు తగిలించారు. ఆ తర్వాత నాతో గడియారం సంగతి ఎత్తలేదు, నేనూ అడగలేదు. ఆయన కష్టానికి నేను ఎన్నోసార్లు కృతజ్ఞత చెప్పుకున్నాను గానీ, ఈ రోజు ఎన్ని సెకన్లు వెనకబడిందని ఒక్కసారి కూడా అడగలేదు.

నోటు పుస్తకం పోయిన నెలలో దొరికింది. రాయడం మానేశారనుకున్నాను, మానలేదు. చివరి పేజీలో అంకెల కింద ఒకే వాక్యం ఉంది: "కడ్డీ చెక్కదైతే?" నారవెంట చెక్క వేడికి ఉక్కులో సగం కూడా సాగదనీ, గడియారాలు చేసేవాళ్లు అందుకే చెక్క కడ్డీలు వాడేవారనీ నేను ఈ మధ్యే చదివి తెలుసుకున్నాను. ఆ వాక్యం కింద, లెక్క వేసుకోవడానికి కాబోలు, ఆయన అరపేజీ ఖాళీగా వదిలారు.