నీడ ఉన్న చోటే కట్టండి

వేసవి మధ్యాహ్నం కావలి నుంచి ఒంగోలు వెళ్లేవారికి ఈ దృశ్యం తెలిసిందే. 16వ నంబరు జాతీయ రహదారి పక్కన లారీ ఆపి, దాని కిందే తువ్వాలు పరుచుకుని డ్రైవరు పడుకుని ఉంటాడు. వేరే నీడ ఉంటే చక్రాల మధ్య ఎందుకు పడుకుంటాడు? రోడ్డు వెడల్పు చేసినప్పుడు పాత చింతచెట్లు పోయాయి. డివైడరు మీద గన్నేరు పూస్తోంది గానీ, దాని కింద మనిషి నడుం వాల్చలేడు. ఇదే రహదారి మీద కొరిశపాడు దగ్గర 2024 మార్చిలో వాయుసేన విమానాలు దిగాయి. విమానం దిగేంత గట్టిగా రోడ్డు వేయగలిగినవాళ్లం, డ్రైవరు కునుకు తీసే చోటు కట్టలేమా?

ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం చెప్పింది. 40 నుంచి 60 కిలోమీటర్లకు ఒక విశ్రాంతి కేంద్రం ఉండాలని కేంద్ర ప్రభుత్వమూ అంటోంది. మా బాధల్లా కట్టే తీరు గురించే. ముందు పొక్లెయిన్ వచ్చి నేలంతా చదును చేస్తుంది. తర్వాత అద్దాల భవనం, ఏసీలు. ఆఖర్న కుండీల్లో మొక్కలు.

ఈ వరస తిరగబడాలి. మన తీరంలో సరుగుడు తోపులు, తాటిచెట్లు ఇంకా ఉన్నాయి. భవనం వాటి సందుల్లో ఒదగాలి. తూర్పు పడమరలుగా పొడుగ్గా కట్టి, లోతైన వరండా దింపితే పడమటెండ గదుల్లోకి రాదు. చీమకుర్తి క్వారీల దగ్గర గుట్టలు పడిన వృథా రాయితో అరుగులు, నడకదారులు వేసుకోవచ్చు.

నీళ్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నెల్లూరులో వాన ఎక్కువగా అక్టోబరు, డిసెంబరు మధ్యే పడుతుంది. కప్పు మీది నీటిని అప్పుడే తొట్లలో పట్టుకోకపోతే వేసవికి బోరే గతి. సముద్రం దగ్గర బోరు అతిగా తోడితే వచ్చేది ఉప్పునీరు. లారీల యార్డులో డీజిలు, ఆయిలు కలిసిన నీరు చెరువులోకి పోకుండా నూనెను విడదీసే గుంత కావాలి. స్నానాల నీటిని తుంగ పెంచిన ఇసుక మడిలో వడకడితే చెట్లకు సరిపోతుంది.

వీటన్నిటి మధ్య డ్రైవర్లకు గాలి ఆడే పడకల షెడ్డు, బట్టలుతికే బండ, ఆడవాళ్లకు నీళ్లుండే మరుగుదొడ్లు తప్పనిసరి. ఫుడ్ కోర్టు ఆ తర్వాతే.

ప్రాజెక్టు వ్యయంలో 1 శాతం చెట్లకు కేటాయించాలని 2015 హరిత రహదారుల విధానం చెప్పింది. నాటిన రోజు ఫొటో చూసి ఆ సొమ్ము ఇచ్చేయడం ఆపాలి. మూడో వేసవి దాటి బతికిన చెట్లను లెక్కపెట్టి బిల్లు పాస్ చేయాలి. స్థలం అప్పగించే ముందే అక్కడున్న ప్రతి చెట్టుకూ నంబరు వేసి, ఆ జాబితాను టెండరు పత్రానికి జతచేయాలని నెల్లూరు, ప్రకాశం జిల్లాల అధికారులను కోరుతున్నాం.