బీట్‌రూట్ ఎరుపు వేరు, రక్తం ఎరుపు వేరు

‘ప్రకృతి రంగులే మందులు’ అనే వాట్సాప్ సందేశం ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. బడి స్నేహితులు పంపారు, బంధువులు పంపారు, చివరికి ఇక్కడ కడపలో నాకు బీపీ మాత్రలు ఇచ్చే మందుల షాపాయన కూడా పంపాడు. ఆయనకైనా తెలియాలి కదా!

శంఖుపుష్పం టీలో నిమ్మరసం పిండితే నీలం ఊదాగా మారడం ఒంట్లో విషాలు విరుగుతున్న గుర్తట. రంగు మారింది కప్పులో, ఒంట్లో కాదు. ఆ పువ్వుకు నీలం ఇచ్చే ఆంథోసయనిన్‌కు పులుపు తగిలితే జరిగేది అంతే, బడిలో లిట్మస్ కాగితం చేసిన పనే. టమాటాను ఉడికిస్తే దానికి ఎరుపునిచ్చే లైకోపీన్ నశిస్తుందట. తలకిందులు. నూనెలో మగ్గిన టమాటాలోంచే అది ఒంటికి బాగా పడుతుంది. క్యారెట్ తిని కళ్లద్దాలు పారేయమన్నదానికి జవాబు దండగ.

నవ్వి ఊరుకోలేనిది మాత్రం ఈ అంశం: ‘బీట్‌రూట్ రక్తంలా ఎర్రగా ఉంటుంది కాబట్టి 21 రోజులు గ్లాసు చొప్పున తాగండి, ఐరన్ మాత్రలు మానేయండి.’

ప్రొద్దుటూరులో డిగ్రీ చదువుతున్న మా అక్క కూతురు అక్షరాలా మానేసింది. అప్పటికి హిమోగ్లోబిన్ 8.4, అంటే రక్తం బాగా తక్కువ. మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతోందన్న బాధ ఎలాగూ ఉంది, సందేశం దారి చూపింది. గోడ క్యాలెండరులో రోజుకొక తేదీ మీద, రసం అంటిన వేలితోనే ఎర్రచుక్క పెట్టుకుంది. మూడో రోజు మూత్రం ఎర్రగా రావడంతో రక్తం పోతోందని మా అక్క ఏడుస్తూ ఫోను చేసింది. అది బీట్‌రూట్ రంగే, బీటానిన్. కొందరికి అలా వస్తుంది, ప్రమాదం లేదు. చుక్కలన్నీ పూర్తయ్యాక పరీక్ష చేయిస్తే 8.1.

రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ నడుమ ఇనుము ఉంటుంది. బీటానిన్‌లో ఇనుమే లేదు. వంద గ్రాముల బీట్‌రూట్ మొత్తంలో ఉన్నది ఒక మిల్లీగ్రాము లోపే; మన సంగటి రాగుల్లో అంతకు నాలుగింతలు. ప్రభుత్వం ఇచ్చే ఐరన్ మాత్రలో 60 మిల్లీగ్రాములు. అంటే ఒక్క మాత్రకు సాటి రావాలంటే ఆరు కిలోల పైచిలుకు దుంపలు. గ్లాసు చాలదు, కుడితి తొట్టి కావాలి. రంగును బట్టే రక్తం పడితే, బడిలో పదేళ్లు దాటిన పిల్లలకు వారానికొకటి ఇచ్చే ఆ మాత్ర నీలిరంగుది. వాళ్ల రక్తం ఏ రంగుకు తిరగాలో సందేశం రాసిన మహానుభావుడే చెప్పాలి. కడుపులో తిప్పితే డాక్టరును అడిగి మాత్ర మార్పించుకోవాలి, అన్నం తిన్నాక వేసుకోవాలి. టీతో మాత్రం వద్దు.

ఇంత తిట్టాను గానీ, బీట్‌రూట్ రసం నేనూ తాగుతాను. బీపీని అది కాస్త తగ్గిస్తుంది. ఆ పని చేసేది నైట్రేటు, దానికి రంగే లేదు!

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. తిరునాళ్లలో అమ్మే గులాబీరంగు పీచుమిఠాయి పిల్లలకు కొనవద్దని సందేశం చివర ఒక వాక్యం ఉంది. అది నిజం. గుడ్డలకు వేసే రంగు రోడమిన్‌-బి దొరికినందుకే 2024 ఫిబ్రవరిలో తమిళనాడు పీచుమిఠాయి అమ్మకాన్ని నిషేధించింది. ఆ ఒక్క వాక్యం విడిగా పంపండి, నేనూ పదిమందికి పంపుతాను.