స్వామి ఫొటో వేసిన కరపత్రాన్ని ఎక్కడ పడేయాలి?

మా తిరుపతిలో ఆదివారం పేపరు విప్పితే చాలు, లోపలి నుంచి రంగు కాగితాలు జారిపడతాయి. అన్నీ ప్లాట్లవే. పైన స్వామివారి ఫొటో, పక్కన గోపురం, కింద "ఎయిర్‌పోర్టుకి కూతవేటు దూరం, ఐఐటీకి పది నిమిషాలు". ఆ కూతవేటు ఎంతో తెలియాలంటే రేణిగుంట దాటి ఏర్పేడు వైపు బండేసుకుని పోవాల్సిందే. పోనీ చెత్తబుట్టలో వేద్దామంటే స్వామి ఉన్నాడు కదా, మా అమ్మ ఒప్పుకోదు. చించకూడదు, కాలికి తగలకూడదు. అవన్నీ అల్మారా కింది అరలో కట్టలుగా పేరుకుంటున్నాయి. పాత పేపర్లు కొనే ఆయన కూడా ఆ నున్నటి కాగితాలను పక్కన పెట్టేసి మిగతావే తూస్తాడు. దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మన ఇంట్లో జాగా కొట్టేసిన ప్రకటనలివి!

లీలామహల్ సర్కిల్లో ఎండలో నిలబడి పంచే కుర్రాళ్ల మీద నాకే కోపమూ లేదు. వాళ్ల కూలి వాళ్లది. నా గోలంతా ఈ ఖర్చు ఎవరు మోస్తున్నారన్నదే. ప్రింటింగు, పేపర్లో పెట్టినందుకు డబ్బులు, ఫ్లెక్సీలు, "ఒకసారి సైటు చూసి రండి సార్, కారు పంపిస్తాం, టిఫిన్ మాదే" అనే మర్యాదలు... అన్నీ అంకణం (మా వైపు స్థలం కొలత) రేటులోనే కలిసి ఉంటాయి. కొనేవాడు తన ఇంటికొచ్చి పడిన చెత్తకి తనే డబ్బు కడుతున్నాడు.

దాని మీద ఏజెంటు కమీషన్. పాత ఇల్లు అరవై లక్షలకి కొంటున్నామనుకోండి. కొనేవాడి దగ్గర రెండు శాతం, అమ్మేవాడి దగ్గర రెండు శాతం అడిగితే మొత్తం రెండు లక్షల నలభై వేలు. వెంచర్లలో అయితే ఇంకో రకం. ఏజెంటు కింద ఏజెంటు, వాడి కింద ఇంకొకడు. ఒక్క ప్లాటు అమ్ముడుపోతే పైదాకా అందరికీ వాటా. ఎవరికి ఎంత పోయిందో ఏ కాగితం మీదా ఉండదు. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు ఎక్కువని తిట్టుకుంటాం గానీ, దానికి కనీసం చలానా చేతికిస్తారు. వీళ్లని రసీదు అడిగితే "మన మధ్య ఏంది సార్ ఇది" అంటారు.

పని చేసి తీసుకుంటే నాకు బాధ లేదు. తిరుపతిలో భూమి కొనడం అంత ఈజీ కాదు. మఠం భూములు, దేవాదాయ భూములు, ప్రభుత్వం పంచిన డీకేటీ పట్టాలు, చెరువు పోరంబోకు... సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చేయకూడని 22ఏ నిషేధిత జాబితాలో ఉందా, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉన్నాయా, ఈసీలో (ఆస్తి మీద పాత లావాదేవీలు చూపే పత్రం) పాత తాకట్టేమైనా తేలుతుందా చూసిపెట్టే ఏజెంటుకి రెండు శాతం కాదు, ఇంకొంచెం ఎక్కువైనా ఇస్తాను. అలాంటివాళ్లు ఉన్నారు కూడా, కరపత్రాలు వేయరు, నోటిమాట మీదే బతుకుతారు. మిగతావాళ్ల చెకింగ్ అంతా "క్లియర్ టైటిల్ అన్నా, నాదీ గ్యారంటీ" అన్న ఒక్క మాట. ఆ గ్యారంటీ రిజిస్ట్రేషన్ రోజు సాయంత్రం వరకే.

2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌ని రిజిస్టర్ చేయకుండా ప్రకటించకూడదు. ప్రకటనలో రెరా వెబ్‌సైటు చిరునామా స్పష్టంగా కనబడాలి, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ ప్లాట్లు అమ్మిపెట్టే ఏజెంటు కూడా రిజిస్టర్ అయి ఉండాలి. మా అల్మారాలో కట్టలు విప్పి చూశాను. కొన్నింటి మీద నంబరు చీమ తలకాయంత. కొన్నింటి మీద అసలు లేదు, "తుడా అప్రూవల్‌కి అప్లై చేయబడినది" అని ఉంది. తుడా అంటే మా పట్టణాభివృద్ధి సంస్థ. అప్లై చేయడం కూడా గొప్పేనా? పాస్‌పోర్టుకి అప్లై చేశాను కాబట్టి అమెరికాలో ఉన్నట్టే అంటే ఒప్పుకుంటారా?

ఇప్పుడు ఎవరైనా ఫోన్ చేస్తే ఒకటే అంటున్నాను. సర్వే నంబరు, ఎల్పీ (లేఅవుట్ అనుమతి) నంబరు, రెరా నంబరు, దాంతోపాటు రేటులో మీ కమీషన్ ఎంతో వాట్సాప్‌లో పెట్టండి, తర్వాత మాట్లాడదాం అని. చాలామంది మళ్లీ ఫోన్ చేయరు. పెట్టినవాళ్ల సైటుకి పోతాను, అది కూడా నా బండి మీద, నా టిఫిన్ నేను తినేసి.