టిన్ మెషీన్‌ని వంతెన అనకండి

బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ పాటల్ని కాలం వారీగా పెద్ద పెద్ద బాక్స్ సెట్లుగా వేస్తూ వచ్చారు కదా, 2018లో వచ్చినదాంట్లో 1983 నుంచి 1988 దాకా ఉంది, 2021లో వచ్చినదాంట్లో 1992 నుంచి 2001 దాకా ఉంది. మరి 1989, 90, 91 ఏమైపోయాయి? ఆ మూడేళ్ళు ఆయనేం ఖాళీగా కూర్చోలేదు. టిన్ మెషీన్ అని నలుగురి బ్యాండ్ పెట్టి రెండు స్టూడియో ఆల్బమ్‌లు చేశాడు, ఊళ్ళు తిరిగాడు, మధ్యలో 1990లో పాత హిట్స్‌తో సోలో టూర్ కూడా చేశాడు. లేబుల్స్ అంటే రికార్డులు వేసే కంపెనీలు వేరు, హక్కుల లెక్కలు వేరు, అవన్నీ ఉంటాయి సరే, కానీ కొత్తగా వినేవాళ్ళకి ఆ బ్యాండ్ అసలు లేనట్టే కనిపిస్తుంది, నా బాధ అదే.

మన అసోసియేషన్ పత్రికలో ఈ గోల ఎందుకు అనుకోకండి, మనలో చాలామందిమి ఈ దేశాలొచ్చాకే రాక్ వినడం మొదలుపెట్టాం, బోవీ అంటే 'హీరోస్', 'లెట్స్ డాన్స్', అక్కడితో ఆగిపోయాం. పైగా ఈ కథ మనకి కొత్తేం కాదు, పెద్ద హీరో రొటీన్ వదిలి వేరేగా ఏదైనా ట్రై చేస్తే మొదటి వారమే థియేటర్ల నుంచి ఎత్తేస్తారు, పదిహేనేళ్ళ తర్వాత అదే సినిమా టీవీలో చూసి భలే తీశాడ్రా అంటారు.

అప్పటి పరిస్థితి కొంచెం చెప్పాలి. 1983లో 'లెట్స్ డాన్స్' ఆల్బమ్ లక్షలకి లక్షలు అమ్ముడుపోయింది, ఆ తర్వాత 1984లో ఒకటి, 1987లో ఇంకోటి చేశాడు గానీ ఆ 87 ఆల్బమ్ 'నెవర్ లెట్ మీ డౌన్' ఆయనకే తర్వాత నచ్చలేదు. స్టేజీ మీద పెద్ద సాలీడు బొమ్మ పెట్టి 'గ్లాస్ స్పైడర్' టూర్ చేసింది కూడా ఆ ఏడే. ఆ టూర్‌కి ప్రెస్ పని చూసినావిడ తన భర్త గిటార్ వాయించిన టేప్ బోవీ చేతికిచ్చింది, ఆ భర్తే రీవ్స్ గేబ్రెల్స్. తర్వాత చేరినవాళ్ళు టోనీ సేల్స్ బాస్ గిటార్, హంట్ సేల్స్ డ్రమ్స్, అన్నదమ్ములు, 1977లో రాక్ గాయకుడు ఇగ్గీ పాప్ 'లస్ట్ ఫర్ లైఫ్' ఆల్బమ్‌కి వాయించింది వీళ్ళే. ఆ ఆల్బమ్‌లో డ్రమ్స్ ఎలా దుమ్ము లేపుతాయో విన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఈ బ్యాండ్‌లో బోవీ ఒక్కడే పెద్ద కాదు, నలుగురిలో ఒకడు. ఇంటర్వ్యూలకి నలుగురూ కలిసి కూర్చునేవాళ్ళు, స్టేజీ మీద ఆయన పాత హిట్స్ ఒక్కటి కూడా పాడేవాళ్ళు కాదు. మొదటి ఆల్బమ్ చాలావరకు అందరూ ఒకే రూమ్‌లో ఒకేసారి వాయిస్తూ రికార్డ్ చేశారు, రాసిన లిరిక్స్ బోవీ మళ్ళీ మళ్ళీ దిద్దుకుంటుంటే మిగతావాళ్ళు ఒద్దని ఆపేవాళ్ళు. అంత పేరున్న మనిషి, తన పేరు కవర్ మీద పెద్దక్షరాల్లో వేసుకోకుండా, టికెట్ కొన్నవాళ్ళు వినాలనుకున్న పాట పాడకుండా చిన్న చిన్న హాల్స్‌లో నిలబడ్డాడంటే ఎంత ధైర్యం కావాలి!

మొదటి ఆల్బమ్ 1989లో బ్రిటన్ చార్ట్‌లో 3వ ప్లేస్‌కి వెళ్ళింది, ఇది చాలామంది మర్చిపోతారు, అసలు మొదటి రోజు నుంచే ఫ్లాప్ అన్నట్టు మాట్లాడతారు. దెబ్బ తగిలింది 1991 సెప్టెంబర్‌లో వచ్చిన రెండోదానికి, అది 23 దగ్గరే ఆగిపోయింది, మెలోడీ మేకర్ పత్రికయితే ఇక కూర్చోవయ్యా, పరువు తీస్తున్నావ్ అన్నంత మాట అనేసింది. ఆ తర్వాత ఆల్బమ్ చాలా ఏళ్ళు షాపుల్లో దొరకనేలేదు, 2020లో మళ్ళీ వేసేదాకా పాత కాపీల కోసం వెతుక్కోవడమే.

అసలు నాకు పేచీ క్రిటిక్స్‌తో కాదు, మన తోటి ఫ్యాన్స్‌తో. టిన్ మెషీన్‌ని ఎవరైనా తిట్టగానే మనవాళ్ళు అందుకునే మాట ఒకటుంది, "అది వంతెన బాస్, అది లేకపోతే 1995లో 'అవుట్‌సైడ్' ఆల్బమ్ లేదు, 97లో 'ఎర్త్‌లింగ్' లేదు" అని. నిజమే, గేబ్రెల్స్ 1999 దాకా బోవీతోనే ఉన్నాడు, కాదనను. కానీ ఆ మాటతో మనమే ఒప్పేసుకుంటున్నాం కదా, ఈ పాటల్లో పస లేదు, తర్వాతి వాటికోసం ఓర్చుకోవాలి అని! ఇంకొంతమంది నిర్వాణా బ్యాండ్ కంటే ముందే వీళ్ళు గ్రంజ్, అంటే ఆ గరుకు గిటార్ల రాక్, చేశారంటారు, నిర్వాణా ఆల్బమ్ 'నెవర్‌మైండ్' కూడా టిన్ మెషీన్ రెండో ఆల్బమ్ వచ్చిన నెలలోనే వచ్చింది కాబట్టి. అది కూడా అతి, బోవీయే పిక్సీస్ అనే అమెరికన్ బ్యాండ్ అంటే పడి చచ్చేవాడు, వాళ్ళ పాట 'డిబేసర్' టిన్ మెషీన్ స్టేజీ మీద పాడేది కూడా. ఎవరు ముందు అనే పంచాయితీ మనకొద్దు, పాటలు బాగున్నాయా లేదా అదొక్కటి మాట్లాడుకుందాం.

'ఐ కాంట్ రీడ్' వినండి. టీవీ ముందు కూలబడి ఏదీ బుర్రకెక్కని మనిషి పాట, బోవీ కావాలనే ప్రాణం లేని గొంతుతో పాడతాడు, వెనక గిటార్ మాత్రం గోడలు గీరుతున్నట్టు మోగుతుంటుంది, ఆ రెండూ ఒకదానికొకటి అతకవు, అతకకపోవడంలోనే ఆ మనిషి అవస్థ అంతా ఉంది. 'అండర్ ద గాడ్' నియో నాజీల మీద రాసింది, మెత్తగా ఏం చెప్పదు, అరుస్తుంది, మన రంగు మనుషులు వీధిలో వెనక్కి చూసుకుంటూ నడిచే చోట్లు ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి ఆ అరుపు నాకు ఎక్కువనిపించదు. రెండో ఆల్బమ్‌లో 'షాపింగ్ ఫర్ గర్ల్స్' ఉంది, ఆసియాలో చిన్నపిల్లల్ని అమ్మే వ్యాపారం గురించి, గేబ్రెల్స్ భార్య జర్నలిస్టుగా అలాంటి కథనాలు చేసింది, ఆ పాట అక్కడినుంచే పుట్టింది. ఉపన్యాసం ఉండదు, ఏడుపు ఉండదు, చూసింది చూసినట్టు చెప్పుకుంటూ పోతాడు, వింటుంటే కడుపులో తిప్పుతుంది. ఇక 'గుడ్‌బై మిస్టర్ ఎడ్', నా లెక్కలో బోవీ పాటలన్నిట్లో మొదటి ఇరవైలో ఉండాలి, అన్నీ అమ్మకానికి పెట్టేసిన అమెరికాని ముక్కలు ముక్కలుగా చూపిస్తాడు, ట్యూన్ మాత్రం ఎంత హాయిగా ఉంటుందో.

అన్నీ బంగారం అని నేననను. హంట్ సేల్స్ పాడిన 'స్టేట్‌సైడ్' సాగదీతే, బీటిల్స్ జాన్ లెనన్ పాట 'వర్కింగ్ క్లాస్ హీరో'ని వీళ్ళు అంత బరువుగా కొట్టాల్సిన పనే లేదు, మొదటి ఆల్బమ్ మరీ పొడుగు, రెండు మూడు పాటలు తీసేస్తే ఇంకా బాగుండేది. నలుగురికీ సమాన హక్కు ఇస్తే ఇలాంటివి కూడా వస్తాయి మరి, ఆ వేడి కావాలంటే ఇది కూడా భరించాలి.

బోవీ మాత్రం ఈ పాటల్ని దాచుకోలేదు. బ్యాండ్ ఆగిపోయాక కూడా 'ఐ కాంట్ రీడ్' మళ్ళీ రికార్డ్ చేశాడు, 1997లో 'ది ఐస్ స్టార్మ్' సినిమాలో వాడారు, 'బేబీ యూనివర్సల్' కూడా 'ఎర్త్‌లింగ్' రోజుల్లో మళ్ళీ పాడాడు, అది 2020లో గానీ బయటికి రాలేదు. నచ్చని పనైతే ఎవరూ అలా తిరిగి ముట్టుకోరు.

మీ ఇంట్లో గిటార్ నేర్చుకునే పిల్లలుంటే ముందు 'హెవెన్స్ ఇన్ హియర్' పెట్టండి, నెమ్మదిగా బ్లూస్‌లా మొదలై చివరికి ఎక్కడికో వెళ్తుంది, తర్వాత 'ఐ కాంట్ రీడ్' రెండు వెర్షన్లూ పక్కపక్కన వినిపించండి. 'స్టేట్‌సైడ్' దాటేసినా నేనేం అనుకోను.