గొంతు మారేలోపు ఫైనల్ అయిపోవాలి

ఎనిమిదేళ్ల పిల్ల స్టేజ్ ఎక్కి ఒక విరహగీతం అందుకుంటుంది, సంగతులు ఎక్కడా తేడా పోవు, ఊపిరి ఎక్కడ తీసుకుందో కూడా తెలీనివ్వదు, పాట అయ్యాక జడ్జి కుర్చీలోంచి లేచి కళ్లు తుడుచుకుంటూ ఈ వయసులో ఇంత మెచ్యూరిటీ ఏంటమ్మా అంటారు. పిల్లల పాటల పోటీలు చూసే ఎవరికైనా ఈ సీన్ కంఠతా వచ్చేసి ఉంటుంది. నాకు ఆ మెచ్చుకోలు దగ్గరే ఏదో అడ్డు తగులుతుంది. పిల్ల బాగా పాడింది, డౌటే లేదు, కానీ మనం చప్పట్లు కొట్టేది చిన్నపిల్ల పాడిందనా, చిన్నపిల్లలా పాడలేదనా?

ఈ షోలని తిట్టేవాళ్లు మామూలుగా రెండు మాటలంటారు, పిల్లల్ని ఏడిపించి రేటింగులు తెచ్చుకుంటున్నారని, తల్లిదండ్రులు తమ కోరికలు పిల్లల మీద రుద్దుతున్నారని. రెండూ కొంతవరకు నిజమే. వాటి గోలలో పడి ఎవరూ పట్టించుకోనిది మాత్రం అసలు సరుకు, అంటే గొంతు.

చిన్నపిల్లల స్వరతంతువులు, అంటే గొంతులో శబ్దం పుట్టించే మడతలు, పెద్దవాళ్ల వాటికంటే పొట్టివి, లోపలి పొరలు పూర్తిగా ఏర్పడటానికి టీనేజ్ చివరిదాకా పడుతుంది. మగపిల్లల్లో సుమారు 12, 14 ఏళ్ల మధ్య గొంతు దిగడం మొదలై దాదాపు ఒక స్థాయి కిందకి, అంటే పై షడ్జం నుంచి కింది షడ్జానికి ఎంత దూరమో అంత దూరం దిగిపోతుంది. ఆడపిల్లలకీ మారుతుంది, కాకపోతే రెండు మూడు స్వరస్థానాలే కాబట్టి పక్కవాళ్లకి పెద్దగా తెలీదు. ఇలాంటి గొంతుతో, ఒక పెద్దాయన తన శ్రుతిలో తన ఊపిరికి తగ్గట్టు పాడుకున్న పాటని పాడిస్తాం, ఈ వారం తారస్థాయిలో అరిచే పాట, వచ్చే వారం ఏడుపు పాట, ఆ పై వారం ఫాస్ట్ బీట్, మధ్యలో రిహార్సల్స్, గొంతు బొంగురు పోతే వేడినీళ్లు తాగి మళ్లీ మైక్ ముందుకి. గొంతు మీద బలం పెట్టి పాడటం అలవాటైపోతే తంతువుల మీద చిన్న చిన్న కాయల్లాంటివి కడతాయి, డాక్టర్లు వాటిని నాడ్యూల్స్ అంటారు. చాలావరకు విశ్రాంతితో, పాడే పద్ధతి మార్చుకోవడంతో తగ్గేవే, కానీ ఎలిమినేషన్ రౌండ్ ముందు విశ్రాంతి ఎవరిస్తారు?

పదకొండేళ్ల పిల్లాడు సీజన్ గెలుస్తాడనుకోండి. ఏ గొంతు చూసి అందరూ ఓట్లేశారో ఆ గొంతు రెండు మూడేళ్లలో ఉండదు, ఇది జబ్బు కాదు, పెరగడం అంతే. షోకి ఇబ్బంది లేదు, అప్పటికి ఇంకో పదకొండేళ్లవాడు దొరుకుతాడు.

జర్మనీలో లైప్‌జిగ్ నగరంలో సెయింట్ థామస్ చర్చి బాలుర గానబృందం ఒకటుంది, 1212 నుంచి నడుస్తోంది, పాశ్చాత్య సంగీతంలో పెద్ద పేరున్న బాఖ్ 1723 నుంచి చనిపోయేదాకా అక్కడే సంగీతం చూసుకున్నాడు. తొమ్మిది పదేళ్లకి చేరిన పిల్లలు పై గొంతుల్లో పాడతారు, గొంతు మారాక ఇంటికి పంపరు, అదే బృందంలో మగ గొంతుల వరసల్లోకి, అంటే టెనర్, బేస్‌లలోకి మారి 18 దాకా ఉంటారు. అక్కడేదో స్వర్గం ఉందని కాదు, హాస్టల్లో ఉండి రోజూ సాధన చేయాలి, అందరు పిల్లలకీ అది పడుతుందని కూడా అనుకోను. కానీ గొంతు మారుతుందనే సంగతి ముందే తెలిసి దానికి ఒక చోటు ఉంచారు చూడండి, టీవీ వాళ్ల ప్లానింగ్‌లో ఆ చోటు ఎక్కడా కనపడదు.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. మన దేశంలో బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 2017లో పెట్టిన రూల్స్ ప్రకారం టీవీ, సినిమాల్లో కనిపించే పిల్లలతో రోజుకి 5 గంటలకి మించి పని చేయించకూడదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటకూడదు, పిల్లల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఈ డబ్బు దాచే ఆలోచన 1939లో కాలిఫోర్నియాలో వచ్చిన చట్టం నాటిది, జాకీ కూగన్ అనే బాలనటుడు పెద్దయ్యి చూసుకుంటే తన సంపాదనంతా తల్లీ సవతి తండ్రీ ఖర్చు పెట్టేసి ఉన్నారు, ఆ గొడవలోంచి పుట్టింది. అంతా మంచిదే, కానీ పోటీలో ప్రైజ్ మనీ గెలిచినవాడికే కదా, నాలుగో వారంలో ఇంటికెళ్లిపోయిన పిల్లకి 20 శాతం దేంట్లోంచి తీస్తారు? పిల్లల ఇష్టం లేకుండా చేయించకూడదని కూడా మన రూల్స్‌లో ఉంది, అయితే కొత్త డ్రెస్సు, లైట్లు, ఇంటిల్లిపాదీ ముందు వరసలో కూర్చుని ఉంటే ఎనిమిదేళ్ల పిల్ల ఇష్టం లేదని ఎలా చెప్తుంది. ఈ విషయంలో బ్రిటన్ ప్రసార నియమావళి నయం, పిల్లలు ఒప్పుకున్నా తల్లిదండ్రులు ఒప్పుకున్నా సరే పిల్లల మానసిక క్షేమం చూసే బాధ్యత ఛానల్‌దే అంటుంది.

అలాంటి నియమం ఉన్న చోటే 2009లో బ్రిటన్స్ గాట్ టాలెంట్ అనే టీవీ పోటీ సెమీఫైనల్ లైవ్‌లో పదేళ్ల పాప పాట మధ్యలో మాటలు మర్చిపోయి భోరున ఏడ్చేసింది, ఇంకో ఛాన్స్ ఇవ్వమని అడిగితే ముందు టైం లేదన్నారు, తర్వాత ఎలాగో టైం దొరికింది, మళ్లీ పాడి ఫైనల్‌కి వెళ్లింది కూడా. హ్యాపీ ఎండింగే. కానీ పాట మర్చిపోవడం పదేళ్ల వయసులో మామూలు విషయం, స్కూల్ ఫంక్షన్లో అయితే టీచర్ మొదటి మాట అందించి నవ్వేసేది.

పోటీ పెట్టకూడదని నేను అనను, పిల్లలకి పోటీ ఇష్టం. ఎలా పెట్టారన్నదే విషయం. 2003లో మొదలైన జూనియర్ యూరోవిజన్ అనే దేశాల మధ్య జరిగే పిల్లల పాటల పోటీలో కొత్త పాటే పాడాలి, పెద్దవాళ్ల హిట్ పాటలు కుదరవు, ఇప్పుడు వయసు 9 నుంచి 14. కొన్నేళ్లపాటు ఎవరికీ సున్నా రాకుండా అందరికీ ముందే 12 పాయింట్లు ఇచ్చేసేవాళ్లు, చిన్న ట్రిక్కే కానీ ఎవరో కూర్చుని పిల్లల వైపు నుంచి ఆలోచించారు. 2016లో అమెరికాస్ గాట్ టాలెంట్ గెలిచిన 12 ఏళ్ల అమ్మాయి కూడా ఆడిషన్‌లో ఉకులేలె అనే బుల్లి గిటార్ లాంటిది పట్టుకుని తను రాసుకున్న పాటే పాడింది, దాంతో ఆ గొంతు, ఆ మాటలు, ఆ వయసు ఒకదానికొకటి అతికాయి. (అన్నట్టు ఆ షోలో మిలియన్ డాలర్ల ప్రైజ్‌ని విడతల్లో తీసుకుంటే 40 ఏళ్లు పడుతుంది, 12 ఏళ్ల పిల్లకి చివరి విడత అందేసరికి యాభై దాటతాయి.)

మన షోలు కూడా వయసుకి తగ్గ పాటలు కొత్తగా రాయించొచ్చు, శ్రుతి పిల్లల గొంతుని బట్టి పెట్టొచ్చు, ఫలితం చెప్పే ముందు ఆ డప్పుల మ్యూజిక్‌తో నిమిషం పాటు పిల్లల మొహాల మీద కెమెరా పెట్టడం మానేయొచ్చు, వీటికి పెద్ద ఖర్చేం కాదు. రాయించరు, ఎందుకంటే జనానికి తెలిసిన పాట అయితేనే ఛానల్ మార్చకుండా ఆగుతారు. ఈలోగా పాత సీజన్ల క్లిప్పులు యూట్యూబ్‌లో తిరుగుతూనే ఉంటాయి, అందులో పిల్లాడికి ఎప్పటికీ తొమ్మిదేళ్లే, ఇప్పుడు పందొమ్మిదేళ్లొచ్చి వేరే గొంతుతో ఉన్న కుర్రాడిని ఏ పెళ్లికెళ్లినా ఆ పాట అప్పట్లాగే ఒక్కసారి పాడు బాబూ అని అడుగుతూనే ఉంటారు.