సవరణ: గుర్రాల ట్రైలర్ లైట్లు, గ్రౌండ్ పరీక్ష

అమెరికా గుర్రాల ట్రైలర్ల లైట్ల గురించి ముందు పెట్టిన పోస్టులో, తెల్ల వైరుకు (కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే గ్రౌండ్ వైరు) మల్టీమీటర్ కంటిన్యూటీ బీప్, అంటే వైరు తెగలేదని చెప్పే కూత, వస్తే గ్రౌండ్ బాగున్నట్టే అని రాశాం. అది తప్పు. వైరులో ఒక్క పోగు మిగిలినా మీటర్ కూస్తుంది. లోడు పడ్డాక, అంటే లైట్ల కరెంటంతా పారేటప్పుడు, ఆ పోగు చాలదు. అందుకే ఇండికేటర్ వేస్తే టెయిల్ లైట్లు కూడా మినుకుమంటాయి, బ్రేకు తొక్కితే అన్నీ మసకబారతాయి. బల్బులు మార్చి లాభం లేదు.

ట్రైలర్‌ను బండికి తగిలించి, లైట్లు వేసి, ఎవరిచేతనైనా బ్రేకు తొక్కించండి. మీటర్ 20 వోల్టుల డీసీలో ఉండాలి. ఒక ప్రోబ్ ల్యాంప్ గ్రౌండ్ మీద, రెండోది పొడవాటి వైరు కలిపి బండి బ్యాటరీ నెగటివ్ మీద. అర వోల్టు దాటితే దారిలో ఎక్కడో తుప్పుంది. ముందు ప్లగ్‌లో తెల్ల వైరు పిన్ను, తర్వాత ట్రైలర్ ముందు భాగంలో ఫ్రేముకు బిగించిన రింగు టెర్మినల్ చూడండి. అల్యూమినియం ట్రైలరైతే ఉక్కు స్క్రూ చుట్టూ తెల్లపొడి కనిపిస్తుంది. గీకి శుభ్రం చేస్తే కొన్నాళ్లే. ప్రతి ల్యాంప్ నుంచి ప్లగ్ దాకా విడిగా గ్రౌండ్ వైరు లాగడమే మేలు.

ప్లగ్ తీయకుండా ట్రైలర్‌ను హిచ్ బాల్ (బండి వెనక ట్రైలర్ తగిలించే లోహపు గుండు) మీంచి ఎత్తగానే లైట్లు పోతే, కరెంటు ఇన్నాళ్లూ ఆ బాల్ గుండానే తిరిగి వెళ్తోందన్నమాట.

ఇంకొకటి: ఆ పోస్టులో మేం చెప్పిన గోధుమ, పసుపు, ఆకుపచ్చ వైరు రంగులు నాలుగు పిన్నుల ప్లగ్‌వి. ఏడు పిన్నుల ప్లగ్‌లో రంగును నమ్మకండి, పిన్ను స్థానం చూడండి.