ఆ పాత స్టేషనుకూ ఒక బస్సు వేయండి

వేసవిలో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కోసం మన సంఘం వేసే బస్సు ఈసారీ ఔట్‌లెట్ మాల్‌కే వెళ్ళింది. ఇక్కడ మేరీలాండ్ రాష్ట్రంలోని ఎలికాట్ సిటీ పాత రైల్వే స్టేషను మ్యూజియం చూపిద్దామని కార్యవర్గంలో అడిగితే, "కాజీపేట నుంచి వచ్చినవాళ్ళకు స్టేషను చూపిస్తారా?" అన్నారొకరు. అందరూ నవ్వారు. నాకు చురుక్కుమంది. ఆ కాజీపేట ఆయన మా మామయ్యగారే మరి, గూడ్సు గార్డుగా రిటైరయ్యారు.

పంతం పట్టి మా కార్లోనే తీసుకెళ్ళాను. మెయిన్ స్ట్రీట్ దిగువన, పటాప్‌స్కో నది దగ్గర, గ్రానైటు రాళ్ళతో కట్టిన చిన్న భవనం. 1830-31 నాటిది. అమెరికాలో ఇంకా నిలిచి ఉన్న స్టేషన్లలో అన్నిటికంటే పాతది. బాల్టిమోర్ నుంచి వేసిన మొదటి 13 మైళ్ళ లైను ఇక్కడిదాకానే. మొదట్లో పెట్టెలు లాగింది గుర్రాలే. పీటర్ కూపర్ చేసిన చిన్న ఇంజను 'టామ్ థంబ్' గుర్రంతో పందెం కట్టి, ముందుకు దూసుకుపోయి, బెల్టు జారి ఓడిపోయిందని చెబుతారు. "ఆ ఫెయిల్యూర్ రిపోర్టు ఎవరు రాశారో పాపం" అన్నారు మామయ్యగారు.

1927 నాటి ఎర్ర కబూస్ (గూడ్సు బండి చివర గార్డు ఉండే పెట్టె) దగ్గర ఆయన్ని కదిలించడం నా వల్ల కాలేదు. "ఇది మా బ్రేక్ వ్యానేనమ్మా! చలి దేశం కదా, వీళ్ళ గార్డులకు పొయ్యి కూడా ఇచ్చేవాళ్ళు. మాకు కూర్చుంటే నడుం విరిగేది, జర్నల్ నిలబడే రాసేవాళ్ళం" అన్నారు. పట్టాల మధ్య ఎడం కళ్ళతోనే కొలిచి, మన బ్రాడ్ గేజ్ కంటే సన్నమని తేల్చారు. నిజమే, ఇక్కడ 1,435 మిల్లీమీటర్లు, మనకు 1,676. అంతలో పక్క లైన్లో గూడ్సు బండి వచ్చింది. జెండా లేకపోయినా ఆయన చేయి తనంతట తానే లేచి 'ఆల్ రైట్' చూపించింది.

మాల్‌ని తీసిపారేయను. అక్కడ ఏసీ ఉంది, కూర్చోడానికి చోటుంది, ఊళ్ళో అందరికీ పంచే చాక్లెట్లూ చొక్కాలూ కొనకుండా అమ్మలు విమానం ఎక్కరు. మెయిన్ స్ట్రీట్ ఎగుడు, మోకాళ్ళ నొప్పులవాళ్ళకు కష్టమే. కానీ 2025లో సికింద్రాబాద్ స్టేషను పాత భవనం కూల్చినప్పుడు మన వాట్సాప్ గ్రూపులో ఎన్ని కన్నీళ్ళ బొమ్మలు పెట్టాం! ఈ ఊరివాళ్ళు 2016లో, మళ్ళీ 2018లో వరద వీధిని ఊడ్చేసినా దుకాణాలు తిరిగి తెరిచారు, స్టేషన్ని కాపాడుకున్నారు. మనమేమో పక్కనే కాపురం ఉండి, దాన్ని దాటుకుని బాస్మతి బియ్యానికి వెళ్తుంటాం.

వచ్చే వేసవిలో ఒక్క పూట అటు బస్సు వేయండి. తెలుగు బడి పిల్లల్నీ ఎక్కించండి. కబూస్ గురించి గైడు చెప్పాక మన పెద్దల్లో రైల్వేవాళ్ళు చెప్పనీ. నది దాటితే ఓయెల్లాలో బెంజమిన్ బానెకర్ మ్యూజియం ఉంది. 1791లో వాషింగ్టన్ సరిహద్దుల సర్వేలో పనిచేసిన నల్లజాతి గణితవేత్త ఆయన. మన సైన్సు ఫెయిర్ పిల్లలకు తెలియాల్సిన మనిషి. సాయంత్రం కావాలంటే మాల్‌కే పోదాం, నేనూ వస్తాను. తెరిచే రోజులు కనుక్కునే పని నాది, పులిహోర కూడా నాదే.